బూజు దులిపినా పోని విషం

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు నెలల వ్యవధిలో చచ్చిపోయాయి. రోగమేమిటో అంతుపట్టక దాన్ని ‘టర్కీ ఎక్స్’ అన్నారు. ఆరా తీస్తే అవి తిన్న దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉందని తేలింది. ఆ చెక్కకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టింది. అది తయారుచేసిన విషమే అఫ్లటాక్సిన్.

ఈ బూజు నేలలోనే ఉంటుంది. కాయ ఊరే దశలో బెట్ట పడి నేల వేడెక్కితే గింజకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. పురుగు తొలిచిన కాయలోకీ, పీకేటప్పుడు చిట్లిన కాయలోకీ బూజు సులువుగా చొరబడుతుంది. వర్షాధారంగా వేరుశనగ పండే అనంతపురం వంటి చోట్ల ఈ ముప్పు ఎక్కువ. సరిగా ఆరని కాయలను బస్తాలకెత్తితే చేలో మొదలైన బెడద గోదాములో ముదురుతుంది.

అఫ్లటాక్సిన్ రకాల్లో బి1 అత్యంత ప్రమాదకరం. దీన్ని వదిలించుకోబోయి కాలేయమే మరింత చురుకైన రసాయనంగా మారుస్తుంది. అది కణాల్లోని డీఎన్‌ఏకు అతుక్కుని జన్యువులను దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడితే కాలేయం వెంటనే దెబ్బతింటుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. కామెర్లు, పొట్టలో నీరు చేరడం ప్రధాన లక్షణాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ ఉదంతాన్ని అధ్యయనం చేశారు.

బూజును దులిపేసినా, కడిగేసినా గింజలోకి ఇంకిన విషం పోదు. వేయిస్తే కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా నశించదు. గింజ పైకి బాగా కనిపించినా లోపల విషం ఉండొచ్చు. అందుకే ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని నియమం పెట్టింది.

కాబట్టి జాగ్రత్త ముందే పడాలి. పంట చివరి దశలో వీలైతే ఒక తడి ఇవ్వాలి. కాయలో తేమ 8 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలి. ముడతపడినవీ, రంగు మారినవీ, ముక్కిపోయినవీ ఏరి పారేయాలి. మనం తినకపోయినా గొడ్లకు పనికొస్తాయిలే అనుకోకూడదు. పాడి పశువు తిన్న బి1లో కొంత భాగం ఎం1 అనే మరో రకం అఫ్లటాక్సిన్‌గా మారి పాలలోకి దిగుతుంది. పాలు కాచినా అది పోదు.