కోణచిహ్నపు కథ

బళ్ళారి జిల్లాయందు సిరుగుప్ప తాలూకాలోని తెక్కలకోట కొండలమీద నవీన శిలాయుగపు జనులు నివసించిరనియు, వారు స్వర్ణాభరణములనుగూడ ఎఱిగియుండిరనియు త్రవ్వకములవలన తేలినది. ఈ త్రవ్వకములనుగూర్చి నాగరాజరావు, మల్హోత్రా గార్లు రచించిన పరిశోధన గ్రంథము 1965లో పుణె దక్కన్ కళాశాలనుండి వెలువడినది. అట్టి కొండల రాతిమీద క్రొత్తగీత గీసినను పాతగీత జాడ కొంత నిలుచును. కంప్యూటరులోని ఫైలునకు ఆ భాగ్యము లేదు.

1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ వ్యవస్థకు పునాది వేసిరి. మన యాజ్ఞలను గ్రహించి నెరవేర్పించు షెల్‌ను థాంప్సన్ రచించెను. 1971 నాటి తొలి కూర్పులోనే అందు కుడివైపు మొనగల కోణచిహ్న మొకటి కానవచ్చును. తుంగభద్ర కాలువ తూము నీటిని మడిలోనికి మళ్ళించునట్లు, అది ఆజ్ఞాఫలితమును ఫైలులోనికి మళ్ళించును.

అయితే షెల్ మొదట ఫైలును ఖాళీచేసి, పిదపనే ఆజ్ఞను నడుపును. ధాన్యపు లెక్కలున్న ఫైలును వరుసపెట్టి మరల ఆ పేరుననే వ్రాయబూనినచో, వరుసపెట్టు సార్ట్ ఆజ్ఞ చదువబోవు వేళకు అందు ఒక్క యక్షరమును మిగులదు.

1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్ తన సీ షెల్‌నందు నోక్లాబర్ అను కావలిని నిలిపెను. ఉన్న ఫైలుమీద పొరపాటున వ్రాయుటను అది వారించును. కాని బుద్ధిపూర్వకముగా మార్పవలసినపుడు దారి యేది? 1983లో బర్క్‌లీ యూనిక్స్ 4.2 కూర్పు ప్రసాదించిన రినేమ్ అను పిలుపే ఆ దారి. ఎంకెటెంప్ అను ఆజ్ఞతో పాత ఫైలున్న డైరెక్టరీలోనే తాత్కాలిక ఫైలును సృష్టించి, ఫలితమును అందు వ్రాసి, ఆజ్ఞ సఫలమైనదని నిర్ధారించి, పాతదాని అనుమతులను దానికి ఒసగి, రినేమ్‌ను వాడు ఎంవీ ఆజ్ఞతో పాత పేరు పెట్టవలెను. పేరు ఒక్క అడుగున మారును గనుక, చదువువారికి పాతదో క్రొత్తదో సంపూర్ణముగా దొరకునేగాని సగము వ్రాసిన ఫైలు దొరకదు. వేఱు డిస్కునుండి తెచ్చినచో ఎంవీ పేరు మార్చుటకు మారుగా నకలు వ్రాయును, ఈ రక్ష తొలగిపోవును. విద్యుత్తు పోయినను నిలువవలెనన్నచో పేరు మార్చుటకు ముందే క్రొత్త వ్రాతను డిస్కునకు చేర్పవలెను.

షెల్ స్క్రిప్టులు వ్రాయు యువకులారా, క్రొత్తప్రతి పూర్తియై సరిచూడబడువఱకు పాతప్రతిని తాకకుడు.