నొక్కితే పెరిగే సూపర్‌కండక్టివిటీ

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, ఇనుముకి అయస్కాంత గుణం కదా, అది సూపర్‌కండక్టివిటీని చెడగొట్టదా?" చాలామంది అలాగే అనుకునేవారు. 2008లో జపాన్‌లో హొసోనో బృందం ఇనుము, ఆర్సెనిక్ ఉన్న పదార్థంలో 26 కెల్విన్ దగ్గరే దాన్ని చూపించింది.

ఐరన్ సెలెనైడ్ సంగతి ఇంకా తమాషా. మామూలుగా 8 కెల్విన్. వాతావరణ పీడనానికి దాదాపు 90 వేల రెట్లు పెట్టి నొక్కితే 37 దాకా పోతుంది! (అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్ట దాకా నిలబడేవాళ్లకు నొక్కుడు గురించి నేను చెప్పాలా?) ఇనుము పొరకు పైనా కిందా సెలీనియం ఉంటుంది. నొక్కితే ఆ ఎత్తు, బంధాల కోణాలు మారతాయి, దాంతో ఎలక్ట్రాన్ల నడక కూడా. మరీ నొక్కితే స్ఫటికమే వేరే రూపంలోకి మారి అసలుకే ఎసరు.

మరి అంత పీడనంతో తీగ ఎలా చేస్తాం? చేయలేం. అందుకే పీడనం పనిని పరమాణువులకే అప్పజెప్పారు. హొసోనో పదార్థంలో లాంథనమ్ తీసి, అంతకన్నా చిన్న సమారియం పెడితే 55 కెల్విన్!