నాటిన లెక్క, నిలిచిన లెక్క

మన పెద్దలు సప్తసంతానాలను పేర్కొన్నారు. పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం అనే ఈ ఏడూ మనిషి తదనంతరం కూడా అతని పేరు నిలబెడతాయని విశ్వాసం. వనాన్ని సంతానంతో సమానంగా లెక్కించడంలోనే ఒక బాధ్యత ఇమిడి ఉన్నది. బిడ్డ పుట్టడం ఒకనాటి వేడుక. బిడ్డను పెంచడం ఏళ్ళ తరబడి సాగే శ్రమ. మొక్కల విషయంలో మనం వేడుకను మాత్రం ఘనంగా జరుపుకొని, శ్రమను మరచిపోతున్నాం.

1950లో నాటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని దేశవ్యాప్త కార్యక్రమంగా తీర్చిదిద్దిన నాటి నుంచి ఏటా జూలై మొదటి వారంలో కార్యాలయాలు, పాఠశాలలు, మన వంటి ప్రభుత్వ రంగ సంస్థలు మొక్కలు నాటుతూనే ఉన్నాయి. నివేదికలలో నాటిన మొక్కల సంఖ్య తప్పక ఉంటుంది. మూడేళ్ళ తరువాత వాటిలో బతికి ఉన్నవి ఎన్ని అనే గడి మాత్రం అరుదుగా కనిపిస్తుంది. పుదుచ్చేరి పట్టణంలో మన కార్యాలయ ఆవరణలోను, ఉద్యోగుల నివాస గృహాల వెంబడి దారులలోను మొక్కలు నాటించే పనిని కొన్ని ఋతువులుగా నిర్వహిస్తున్న మేము, ఆ రెండవ గడి గురించి పాఠకులతో నాలుగు మాటలు పంచుకోదలచాం.

ఒకే పాలన, వేరు వేరు ఋతువులు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అనే నాలుగు భాగాలు ఉన్నాయి. కేరళ తీరాన ఉన్న మాహేలో జూన్ మొదట్లోనే నైరుతి ఋతుపవనాలు ప్రవేశిస్తాయి. మన గోదావరి ఒడ్డునున్న యానాంలో జూలై నుంచి అక్టోబర్ వరకు నేల తడిగా ఉంటుంది. పుదుచ్చేరి, కారైకాల్‌ల సంగతి వేరు. పుదుచ్చేరిలో ఏడాదికి సుమారు 1,300 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనాల కాలమైన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలలోనే కురుస్తుంది.

కనుక జూలైలో ఇక్కడ నాటిన మొక్క మూడు నెలల పాటు మనం పోసే నీటి మీదనే ఆధారపడవలసి వస్తుంది. అందుచేత మేము జూలై వేడుకను విడిచిపెట్టలేదు గాని, దాని స్వరూపం మార్చాం. ఆ వారంలో పిల్లలచేత విత్తనాలు చల్లిస్తాం, స్థలాలను గుర్తిస్తాం, గోతులకు ముగ్గు పోయిస్తాం. నాటడం దసరా వెళ్ళిన తరువాత, మంచి వాన పడినాక ప్రారంభించి, కార్తీక పౌర్ణమి నాటికి ముగిస్తాం. డిసెంబర్ చివరికి వానలు వెనుకబడతాయి. ఆలోగా వేరు సంచి ఆకారాన్ని వదిలి చుట్టుపక్కల మట్టిలోకి చొచ్చుకొని పోవాలి. దానికి కొన్ని వారాల తడి నేల అవసరం.

గొయ్యి వెనుక ఉన్న బరువు

ఇంజనీర్లమైన మాకు లెక్క అలవాటు. పొడవు, వెడల్పు, లోతు 45 సెంటీమీటర్ల చొప్పున ఉన్న ఒక గోతి నుంచి సుమారు 0.09 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ఘనపు మీటరుకు ఒకటిన్నర టన్ను చొప్పున చూచినా అది 135 కిలోలకు తక్కువ కాదు. రెండు వందల గోతులంటే దాదాపు 27 టన్నుల మట్టిని గునపంతో, పారతో పైకి తీసి, తిరిగి పూడ్చడం. "రెండు వందల మొక్కలు నాటించండి" అని కాగితం మీద వ్రాసే అధికారి ఈ 27 టన్నులను మనసులో ఉంచుకోవాలి.

అందువల్లనే గోతులను నాటే రోజున తవ్వించం. సెప్టెంబర్‌లోనే తవ్వించి, రెండు మూడు వారాలు ఎండకు వదులుతాం. పై మట్టిని ఒక ప్రక్కన, అడుగు మట్టిని మరొక ప్రక్కన పోయిస్తాం. సారమంతా పై మట్టిలోనే ఉంటుంది కనుక దానినే పశువుల ఎరువుతో, కొద్దిగా వేపపిండితో కలిపి వేళ్ళ చుట్టూ వేయిస్తాం. సముద్రానికి దగ్గరలోని ఇసుక నేలలో చెరువు మట్టి చేర్చడం, గట్టి ఎర్ర నేలలో గోతి అడుగును గునపంతో మరికొంత గుల్ల చేయడం అవసరమవుతుంది.

బృందాన్ని నడిపే పద్ధతి

మా బృందంలో పన్నెండుగురు దినకూలీలు ఉంటారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. సెలవు రోజులలో ఉద్యోగులు, వారి పిల్లలు చేయి కలుపుతారు. నలుగురు గోతులు సరిచేస్తారు, ఇద్దరు మొక్కలు అందిస్తారు, నలుగురు నాటుతారు, ఇద్దరు పాదు చేసి, ఊతకర్ర పాతి, కొబ్బరి తాడుతో వదులుగా కడతారు. నల్ల ప్లాస్టిక్ సంచిని బ్లేడుతో నిలువునా కోసి పూర్తిగా తొలగించాలి. సంచి అడుగున చుట్టుకొని పోయిన వేళ్ళను కత్తిరించాలి. లేనిచో ఆ వేరు గోతిలో కూడా అలాగే చుట్టుకుంటూ పోయి, కొన్నేళ్ళకు చెట్టు గాలికి ఒరిగిపోతుంది. సాయంత్రం ఖాళీ సంచులను లెక్కపెడతాం. మొక్కల లెక్క, సంచుల లెక్క సరిపోవాలి. ఒక సంచి తక్కువైతే, అది ఏదో ఒక మొక్క కింద నేలలో ఉన్నదని అర్థం.

కూలి విషయంలో మాకు స్పష్టమైన అభిప్రాయం ఉన్నది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ప్రతి ఏటా వసంతకాలంలోను, వేసవిలోను యువతీయువకులు అడవులు నరికిన చోట మొక్కలు నాటడానికి వెళతారు. వారికి మొక్కకు ఇంత అని చెల్లిస్తారు. ఒక్కొక్కరు రోజుకు వేయికి పైగా నాటడం అక్కడ సామాన్యం. వేగంతో పాటు వేరు వంకర పోయే ప్రమాదం కూడా ఉంటుంది కనుక అక్కడ తనిఖీ కట్టుదిట్టంగా ఉంటుంది. 3.99 మీటర్ల తాడుతో వృత్తం గీస్తే సరిగా 50 చదరపు మీటర్లు వస్తుంది. ఆ వృత్తంలోని మొక్కలను లెక్కించి, నాటిన తీరును పరీక్షిస్తారు. మేము తనిఖీని వారినుంచి గ్రహించి, ప్రతి పదవ మొక్కనూ పరీక్షిస్తాం. చెల్లింపు పద్ధతిని మాత్రం అనుసరించలేదు. మాది రోజుకూలి; వాన వల్ల మధ్యాహ్నం పని ఆగినా ఆ రోజు కూలి పూర్తిగా ఇప్పించే ఏర్పాటు చేశాం. వాన కోసమే పిలిచిన మనుషులను వాన పడినదని ఖాళీ చేతులతో పంపడం న్యాయం కాదు. ఉరుము వినిపించగానే అందరూ వసారాలోకి రావాలనే నిబంధనను వారు సందేహం లేకుండా పాటించగలుగుతున్నది కూడా ఈ ఏర్పాటు వల్లనే.

ఒక సంవత్సరం అక్టోబర్‌లో మొదటి జల్లు పడగానే మరునాటికి అతిథులను ఆహ్వానించాం. బృందంలోని ఒక పెద్దావిడ గోతిలోకి మోచేతి వరకు చేయి దించి, గుప్పెడు మట్టి తీసి చూపించింది. "పైన తడి, లోపల పొడి సార్! ఇంకొక్క వాన పడనీయండి" అన్నది. ఆమె మాట నిజమని మట్టే చెప్పుతున్నది. అతిథులకు కబురు చేసి కార్యక్రమాన్ని వాయిదా వేశాం. వారం తిరిగేలోగా పెద్ద వాన కురిసింది. ఆ మూడవ రోజున నాటడం జరిగింది. నాటి నుంచి మోచేతి లోతు తడి మా బృందానికి కొలమానం అయినది.

ఏ చెట్టు నిలుస్తుంది?

పుదుచ్చేరికి చెట్ల చరిత్ర ఉన్నది. 1826లో ఫ్రెంచివారు ఇక్కడ బొటానికల్ గార్డెన్ నెలకొల్పారు. పరదేశాల వృక్షాలెన్నో అందులో పెరిగాయి. కాని ఈ తీరంలో చెట్టును పరీక్షించేది తుపాను. 2011 డిసెంబర్ 30న తీరం దాటిన థానే తుపాను పుదుచ్చేరి, కడలూరు ప్రాంతాలలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చివేసింది. 2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, 24 గంటలలో 45 సెంటీమీటర్లకు మించి వర్షం కురిపించింది. అంటే ఏడాది వానలో మూడవ వంతుకు పైగా ఒక్క రోజులో!

తురాయి త్వరగా పెరిగి కన్నుల పండువుగా పూస్తుంది గాని, దాని వేళ్ళు పైపైనే పారుతాయి, కొమ్మ పెళుసు. అందుచేత దారుల వెంట మేము వేప, కానుగ, నేరేడు, పొన్న, గంగరావి మొక్కలకు ప్రాధాన్యం ఇస్తున్నాం. పుదుచ్చేరి అధికార వృక్షమైన మారేడు కూడా వీటిలో ఉన్నది. ఎండను, ఉప్పుగాలిని తట్టుకొని ఏడాది పొడవునా పచ్చగా ఉండే పాల, అల్లి వంటి చెట్ల అడవి ఒకప్పుడు ఈ కోరమండల్ తీరమంతటా ఉండేది. నేడది చాలావరకు గ్రామదేవతల కోవెల వనాలలోనే మిగిలి ఉన్నది. పట్టణానికి ఉత్తరాన పుదుపట్టులోని అయ్యనార్ వనం అటువంటిది.

1968లో ప్రారంభమైన ఆరోవిల్ ఇందుకు మరొక సాక్ష్యం. పుదుచ్చేరికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, వానకు కోసుకొని పోయిన ఎర్రమట్టి మెరకలో అక్కడివారు ముందు గట్లు వేసి నీటిని నిలిపారు. తరువాత మొండి జాతుల మొక్కలు నాటి నీడ కల్పించారు. ఆ నీడలో స్థానిక జాతులను పెంచారు. దశాబ్దాల సంరక్షణ వల్లనే అక్కడ నేడు అడవి ఉన్నది.

మూడు వేసవుల పరీక్ష

వానాకాలం ముగిసిన తరువాతనే అసలైన బాధ్యత మొదలవుతుంది. మొదటి వేసవిలో మొక్కకు వారానికి రెండుసార్లు, ప్రతిసారి 15 లీటర్ల నీరు పోయాలి. రెండు వందల మొక్కలకు వారానికి 6,000 లీటర్లు. ఫిబ్రవరి నుంచి జూన్ నడిమి వరకు ఇరవై వారాలకు 1,20,000 లీటర్లు అవుతుంది. పాదులో ఎండుటాకులు పరిస్తే నేల తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండవ వేసవిలో వారానికి ఒకసారి, మూడవ వేసవిలో రెండు వారాలకు ఒకసారి పోస్తే సరిపోతుంది. అప్పటికి వేరు తన నీటిని తాను వెదకుకుంటుంది, కొమ్మలు మేకకు అందవు.

ఈ నీటి పద్దు, కాపలా పద్దు లేకుండా మొక్కల సంఖ్యను మంజూరు చేయరాదని మా సవినయ సూచన. నీళ్ళు చాలేది నూరు మొక్కలకైతే నూరే నాటుదాం. ప్రతి మొక్కకు ఒక సంఖ్య ఇచ్చి, ఏటా జూన్ నెలాఖరున బతికి ఉన్నవాటిని లెక్కించి, మూడవ ఏటి సంఖ్యనే సంస్థ నివేదికలో వ్రాద్దాం. అది చిన్న అంకె కావచ్చు. కాని దాని కింద నిలబడితే నీడ ఉంటుంది.

ఉద్యోగ సోదర సోదరీమణులకు, వారి కుటుంబ సభ్యులకు మా మనవి ఇంతే. మీ ఇంటి ముందున్న రెండు మొక్కల సంఖ్యలను మీ పిల్లల పేర వ్రాయించుకోండి. బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు వాటి పాదులకు చేర్చండి. బదిలీపై వెళ్ళేవారు ఇంటి తాళాలతో పాటు ఆ రెండు సంఖ్యలను కూడా తరువాత వచ్చేవారికి అప్పగించండి.