నాచునూనె – లాభము, కొసరు

ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీరొసగిన దుర్గము చెరువు నేడు హైటెక్ సిటీ చెంతనున్నది. మురుగు చేరిన చెరువులు పచ్చబడుటకు ముఖ్యకారణము సూక్ష్మమైన నాచు. మురుగులోని నత్రజని, భాస్వరములు దానికి ఆహారము. ఎండలో బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కొన్ని జాతుల నాచు కణములలో నూనెను కూడబెట్టును. ఆ నూనెను మిథనాలుతో సంయోగపరచినచో బయోడీజిలు లభించును. నగరమునందే, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు మురుగునీటనే నాచును పెంచి పరిశోధించిరి.

అట్లయిన మన బస్సులు నాచునూనెతో ఏల నడువవు? ఆరుబయటి కుంటలలో లీటరు నీటికి ఎండునాచు సాధారణముగా ఒక గ్రామునకు మించదు. వడగట్టి ఆరబెట్టుటకే ఎంతో శక్తి ఖర్చగును. 1978 నుండి 1996 వరకు అమెరికా ప్రభుత్వము జరిపిన పరిశోధనయు ఈ నూనె పెట్రోలియముతో ధరలో పోటీపడజాలదని తేల్చినది. కావున మురుగుశుద్ధిని అసలు లాభముగను, ఇంధనమును కొసరుగను ఎంచిననే ఈ బేరము గిట్టును.