'కలెక్ట్' అను మాట - దాని జ్ఞాతులు

జింకు ముక్కలపై నీరు కలిపిన గంధకికామ్లము పోసినచో హైడ్రోజను వెలువడును. విద్యార్థి దానిని, నీటితో నింపి బోర్లించిన జాడీలోనికి పట్టును. ఆంగ్ల పుస్తకము ఈ పనిని 'కలెక్ట్' చేయుట అనును. వంటయింటిలో గ్యాసుబండ నుండి కారిన వాయువు నేలను అంటిపెట్టుకొని మూలలలో నిలిచిపోవును. దీనికి కూడ ఆంగ్లములో 'కలెక్ట్' అనునదే మాట. మొదటిచోట వాయువును పట్టువాడొకడున్నాడు. రెండవచోట ఎవడును లేడు, వాయువే చేరినది.

తెలుగున ఈ చిక్కు లేదు. చేర్చుట వేరు, చేరుట వేరు; కూర్చుట వేరు, కూడుట వేరు; పోగుచేయుట వేరు, పోగుపడుట వేరు. ఆంగ్లములో అనేక క్రియలకు ఈ రెండర్థములకును ఒకే రూపము. అందుచేత 'కలెక్ట్' కనబడినపుడెల్ల కర్త ఎవరని పాఠకుడు ముందుగా అడుగుకొనవలెను. ఇది వ్యాకరణమునకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. వంటగ్యాసులోని ప్రొపేను గాలికన్న సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు బరువైనవి. కారిన వాయువు పల్లమునకు జారి అక్కడనే చేరును గనుక పైకిటికీ ఒక్కటి తెరచిన చాలదు. తలుపులు కూడ బార్లా తీయవలెను, విద్యుత్తు మీటను ముట్టరాదు. హెచ్చరిక కాగితముపై నున్న 'కలెక్ట్' అను మాటను 'సేకరించు' అని చదివినవానికి ఈ సంగతి ఏమియు అందదు.

నిఘంటువు తెరచిన 'కలెక్ట్' ప్రక్కన గ్యాదర్, అక్యుములేట్, అసెంబుల్, కాంగ్రిగేట్, మస్టర్ అను మాటలు వరుసగా నుండును. వీనిని పర్యాయపదములందురు. కాని పర్యాయపదములు జ్ఞాతుల వంటివి; ఇంటిపేరొకటియే అయినను ఒకరి వాటా మరొకరికి చెల్లదు.

'కలెక్ట్' మాటకు మూలమైన లాటిన్ ధాతువునకు ఏరుట అని అర్థము, చదువుట అనియు అర్థము. అక్షరములను కంటితో ఏరుకొనుటయే గదా చదువు! సెలెక్ట్, ఎలెక్ట్, లెక్చర్ అను మాటలు ఆ ధాతువు సంతతియే. జర్మను భాషలో 'లేసెన్' అను క్రియకు కూడ ఈ రెండర్థములు నేటికిని కలవు. కావున 'కలెక్ట్' అనునపుడు ఎంపిక యొకటి లోపల దాగియుండును. తపాలాబిళ్లలు, శిలలు, నాణెములు సేకరించువాని పనికి ఈ మాటయే తగును. చార్లెస్ డార్విన్ 1828 నుండి 1831 వరకు కేంబ్రిడ్జిలో చదివిన కాలమున పెంకుపురుగులను సేకరించుటయం దతనికి మిక్కుటమైన వ్యామోహముండెను. ఒకనాడు చెట్టుబెరడు క్రింద రెండు అరుదైన పురుగులు దొరకగా చేతి కొకటిగా పట్టుకొనెను. అంతలో మూడవది కనబడినది. దానిని వదలలేక చేతిలోని యొకదానిని నోట వేసికొనెను. అది మంటపుట్టించు రసము చిమ్మగా ఉమ్మివేయక తప్పలేదు, మూడవదియు చేజారినది. ఈ సంగతి ఆయన స్వీయచరిత్రలో నున్నది.

జిల్లా కలెక్టరు పేరు కూడ ఈ క్రియ నుండియే వచ్చినది. 1772లో వారన్ హేస్టింగ్స్ కాలమున ఆ ఉద్యోగము శిస్తు రాబట్టుటకై యేర్పడెను. నేడు కలెక్టరు చేయు పనులలో ఎక్కువభాగము ఆ పేరులో లేనేలేదు. 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరులోను ఒక 'కలెక్టరు' కలదు. విద్యుదావేశములను రాబట్టుట దాని పని. ఇది మాత్రము పేరుకు తగినట్లే నడచుకొనును.

'గ్యాదర్' అచ్చమైన ఆంగ్లపదము. 'టుగెదర్' దీనికి తోబుట్టువు. ఇందు ఎంపిక కంటె దగ్గరకు చేర్చుట ముఖ్యము. పువ్వులు కోసి తెచ్చినను, పుల్లలు ఏరి తెచ్చినను ఇదే మాట. రైలు క్రమముగా వేగమందుకొనుట, బల్లపై దుమ్ముపట్టుట, దర్జీ గుడ్డను కుచ్చులుగా ముడుచుట, కురుపు చీముపట్టుట, ఒకరి మాటలనుబట్టి సంగతి గ్రహించుట - వీని కన్నిటికిని ఆంగ్లేయులు దీనినే వాడుదురు. ఇందలి ప్రతి వాడుకకు తెలుగులో వేరువేరు క్రియలున్నవి. ఒకే మాట పెట్టి అనువదింప జూచుట వృథాప్రయాస.

శాస్త్రగ్రంథములలో మిక్కిలి జాగ్రత్తగా చదువవలసినది 'అక్యుములేట్'. 'క్యుములస్' అనగా లాటినున కుప్ప. లండను రసాయన వ్యాపారి ల్యూక్ హోవర్డ్ 1802లో మేఘములను వర్గీకరించి, దూదికుప్పల వంటి వానికి ఆ పేరే పెట్టెను. కుప్ప ఒక్కసారిగా పెరుగదు. వచ్చునది పోవుదానికంటె ఎక్కువైనపుడే పెరుగును. ఈ లెక్క 'కలెక్ట్' లోను లేదు, 'గ్యాదర్' లోను లేదు. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సున దీనికి ఉదాహరణ దొరకును. అక్కడ దోమలను పోలిన చిన్నపురుగుల బాధ తొలగించుటకై 1949లోను, మరల 1954లోను, 1957లోను డి.డి.డి. అను మందును నీటిలో కలిపిరి. 1954లో కలిపినది 5 కోట్ల పాళ్ల నీటికి 1 పాలు మాత్రమే. అంత స్వల్పమైనది ఏమి చేయగలదని తోచుట సహజమే. కాని ఆ మందు నీటిలో దాదాపు కరుగదు, క్రొవ్వులో కరుగును, శరీరమును అంత తేలికగా వీడిపోదు. నీటిలోని సూక్ష్మజీవులలో చేరినది వానిని తిన్న చిన్నచేపలకు, వాని నుండి పెద్దచేపలకు, చివరకు చేపలను తిను గ్రీబులను నీటిపక్షులకు సంక్రమించెను. గ్రీబులు గుంపులుగా చచ్చినవి. వాని క్రొవ్వులో పదిలక్షల పాళ్లకు 1600 పాళ్లు డి.డి.డి. కనబడెను. నీటిలోని దానితో పోల్చిన ఇది 80,000 రెట్లు! 1962లో రేచెల్ కార్సన్ తన గ్రంథములో ఈ కథను వివరించెను. ఆ పక్షులు విషమును ఏరుకొనలేదు, ఎవరును వానికి మోసియు ఇవ్వలేదు. రాక హెచ్చి పోక తగ్గినందున పేరుకొనినది. 'పేరుకొను' అనునదియే దీనికి సరియైన తెలుగు.

మిగిలిన వానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 'అసెంబుల్' అనగా దేనిని దాని స్థానమున కూర్చుట. 1913లో ఫోర్డు కర్మాగారమున కదలెడి వరుసపై కారు చట్రమును కూర్చుట మొదలిడిన పిమ్మట, పండ్రెండున్నర గంటల పని 93 నిమిషములకు దిగెను. అవే భాగములను రాశిగా పోసినచో కారు కాదు. 'కాంగ్రిగేట్' లో మంద అను అర్థమున్నది. ఋతువు రాగానే నేలపట్టు చెరువునకు గూడబాతులు తమంతతాము వచ్చి చేరుట అట్టిది. ఇంజనీర్లు కంకరను 'అగ్రిగేట్' అనుటయు, తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయుట 'సెగ్రిగేట్' అగుటయు ఆ మంద నుండి పుట్టినవే. 'మస్టర్' కు మూలార్థము చూపుట, అనగా మనుష్యులను నిలబెట్టి లెక్కచూచుట. మస్టరు పడనిదే కూలి రాదని పనికిపోయిన ప్రతివారికిని తెలియును గనుక దీనికి తెలుగువారికి నిఘంటువుతో పనిలేదు.

ఇట్టి మాటల నన్నిటిని ఒకచోట చేర్చిన పీటర్ మార్క్ రోజె వైద్యుడు. లండను రాయల్ సొసైటీకి కార్యదర్శిగా పనిచేసినవాడు. 1805లోనే తన సొంత వాడుకకై ఒక పట్టిక వ్రాసికొని, 73వ యేట, 1852లో, దానిని 'థెసారస్' అను పేర అచ్చువేయించెను. ఆ గ్రీకుమాటకు ధనాగారమని అర్థము. మన 'కోశము' నకును ఆ అర్థమే యుండుట గమనింపదగినది. జంతువులను, మొక్కలను శాస్త్రజ్ఞులు వర్గీకరించినట్లే ఆయన పదములను భావములనుబట్టి 1000 శీర్షికల క్రింద పంచెను. ఏ మాట ఏ గుంపులోనిదో ఆ గ్రంథము చూపును గాని ఒక్కొక్క మాటకు అర్థము వ్రాయలేదు. ఆ భేదములు పాఠకునికి ముందే తెలిసియుండునని రోజె తలంపు.