నేర్చుకొనునపుడు మెదడు ద్వారము

కొన్ని రంగులను రక్తములోనికి ఎక్కించినచో అవయవములన్నిటికి రంగు పట్టును. మెదడునకు మాత్రము అంటదు. 1885లో జర్మనీలో పౌల్ ఎర్లిక్ ఈ వింతను గమనించెను. మెదడులోని కేశనాళికల గోడల కణములు ఒకదానినొకటి గట్టిగా హత్తుకొని ఉండుటయే కారణమని 1967లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని చూపినది. దీనినే రక్త–మస్తిష్క అవరోధమందురు. ఇది గ్లూకోజును లోనికి పంపును. అనేక విషములను ఆపును.

మరి, నేర్చుకొనునపుడు ఇది మారునా? 2024లో ప్రకటితమైన పరిశోధనలో ఎలుక కాలిని 30 నిమిషములు ఉద్దీపింపజేయగా, ఆ కాలికి సంబంధించిన మెదడు భాగమున అవరోధము సడలెను. రక్తమునందలి ఆల్బుమిన్ అను మాంసకృత్తు లోనికి చేరెను. అచ్చటి నాడీకణముల సంధులు బలపడెను. సంధులు బలపడుటయే నేర్పునకు ఆధారము.

తలకు గట్టి దెబ్బ తగిలినపుడును ఈ అవరోధము సడలును; అప్పుడు కలుగునది హాని. మేలుచేయు సడలింపునకు, కీడుచేయు సడలింపునకు నడుమ హద్దును కనుగొనుటయే నేటి పరిశోధకుల పని.