వంగిన రేకు – చదును లెక్క

ధర్మవరమునుండి హిందూపురమునకు పోవు రైలుమార్గమున పెనుకొండ కలదు. ఆ చెంత ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. కారు తలుపులకు, కప్పులకు ముడిసరకు చదునురేకే. వంపుగల భాగము కావలెనన్న చదునురేకును ఏ కొలతకు కోయవలెను? ఈ లెక్కను నేడు మనము క్యాడ్ అను కంప్యూటరు సాధనముతో చేయుచున్నాము.

గరాటును నిలువున కత్తిరించి విప్పిన, సాగకయే చదునగును. బత్తాయి తొక్కను నొక్కిన చిరుగును. బంతివలె అన్ని దిశల వంగిన తలము సాగక, ముడుగక చదును కాజాలదని 1827లో జర్మనీ గణితవేత్త గౌస్ సిద్ధాంతమువలన తేలినది. కావున కారు తలుపువంటి భాగమునకు కంప్యూటరు లోహపు సాగుదలను అంచనా వేసి చూపును.

ఒక్క దిశనే మడచిన రేకునకు లెక్క సులభము. మడతలో వెలుపలి పొర సాగును. లోపలి పొర కుదియును. నడుమ నిడివి మారని పొర యొకటి యుండును. దాని నిడివియే మనకు కావలసిన కొలత. 2 మిల్లీమీటర్ల మందముగల రేకును, లోపలి వ్యాసార్ధము 2 మిల్లీమీటర్లుండునట్లు లంబకోణముగా మడచితిమనుకొందము. ఆ పొర లోతట్టునుండి 0.8 మిల్లీమీటరు దూరమున నున్నచో వంపునకు పట్టు రేకు 4.4 మిల్లీమీటర్లు.

ఆ 0.8 ఎక్కడిది? కంప్యూటరు తానై ఎరుగదు. అదే రేకు ముక్కను అదే యంత్రముపై మడచి, కొలిచి, మనమే చెప్పవలెను. ఆ అంకె తప్పెనా, మడతమడతకు తేడా పెరిగి తుదకు బోల్టు రంధ్రములు కలియవు. కోసిన రేకు వ్యర్థమగును.